వైరస్ బండి మీద టీబీ టీకా

(మార్చి 24, ప్రపంచ క్షయ దినం సందర్భంగా హనుమకొండలో ఒక విశ్రాంత ఛాతీ వైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

పెద్దలకు నమస్కారం. ఆశ అక్కలకు, చెల్లెళ్లకు, డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? వినిపించకపోతే చేయి ఊపండి, గొంతు పెంచుతాను.

మొదట మీతో ఒక పని చేయిస్తాను. కరోనా టైంలో కోవిషీల్డ్ సూది వేయించుకున్న వాళ్లు చేతులెత్తండి. చూశారా, హాల్లో దాదాపు అందరూ ఎత్తారు. దించండి. ఇప్పుడు ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉన్నవాళ్లు? అది కూడా చాలామందికి ఉంది. ఆ మచ్చ బీసీజీ టీకాది, అంటే టీబీ రాకుండా పుట్టినప్పుడు వేసిన సూదిది. వందేళ్లు దాటిన టీకా అది. కోవిషీల్డ్ వచ్చి నిన్నగాక మొన్న. కోవిషీల్డ్ అంటే ఏమిటో తెలుసా? చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను తీసుకుని, దాని జన్యువులు కొన్ని కత్తిరించి, కరోనా జన్యువు ఒకటి అతికించి తయారుచేసిన టీకా. అంటే మార్చిన వైరస్‌ను మనమంతా ఒకసారి చేతికి వేయించుకున్నవాళ్లమే. ఇలాంటి మార్చిన వైరస్‌తో టీబీకి కొత్త టీకా చేయగలమా అన్నదే ఈ రోజు నేను మాట్లాడేది.

ఇది నాకు పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదు. మా చిన్నమ్మ దగ్గర మొదలైన ప్రశ్న.

మాది జగిత్యాల వైపు పల్లె. మా చిన్నమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. నేను పదో తరగతిలో ఉండగా ఆమెకు దగ్గు మొదలైంది, తర్వాత తెమడలో నెత్తురు పడింది. సర్కారు దవాఖానలో టీబీ అన్నారు. అప్పట్లో ఏడాది, ఏడాదిన్నర మందులు వాడాలి. నాలుగో నెలకు దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు చేసింది. తగ్గింది కదా అని గోలీలు మానేసింది. మానొద్దని ఆమెకు అర్థమయ్యేలా దవాఖానలో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మేం చేసిందేమిటి? ఆమె కంచం వేరే పెట్టాం, గ్లాసు వేరే పెట్టాం. కంచం వేరే పెడితే ఆగే బీమారి కాదు అది, గాలిలో వచ్చే బీమారి. ఆ సంగతి మాకూ ఎవరూ చెప్పలేదు. రెండేళ్లకు పోయింది. ఇద్దరు పిల్లలు.

ఆ ఇద్దరిలో చిన్నవాడికి, నా తమ్ముడికి, ఇరవై రెండేళ్ల వయసులో టీబీ వచ్చింది. అప్పటికి నేను వైద్యం చదువుతున్నాను. వాణ్ణి పరీక్ష చేస్తూ చొక్కా తీయిస్తే ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ కనపడింది. చక్కటి మచ్చ! మరి టీకా వేసినా ఎందుకొచ్చింది? వాడు ఆరు నెలల మందులు పూర్తిగా వాడి బతికాడు, ఇప్పుడు మనవళ్లను ఆడిస్తున్నాడు. ఆ మచ్చ మాత్రం నా కళ్లలో ఉండిపోయింది.

బీసీజీని తక్కువ చేసి మాట్లాడటానికి నేను రాలేదు. దాని పుట్టుక వింటే మీరూ దండం పెడతారు. ఫ్రాన్స్‌లో లీల్ అనే పట్టణం. కాల్మెట్ డాక్టరు, ఆయనతో పాటు గెరాన్ అనే పశువైద్యుడు. 1908లో ఆవుల్లో వచ్చే టీబీ క్రిమిని తీసుకుని, ఎద్దు పైత్యరసంలో ఉడికించిన ఆలుగడ్డ ముక్కల మీద పెంచడం మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మార్చాలి. అలా 13 ఏళ్లు, 230 సార్లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఊరు జర్మన్ సైన్యం చేతిలోకి పోయింది, అయినా ఆపలేదు. మార్చగా మార్చగా ఆ క్రిమికి జబ్బు తెచ్చే శక్తి పోయింది. 1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు మొదటిసారి ఇచ్చారు. ఆ బిడ్డను కన్న తల్లి టీబీతోనే చనిపోయింది. పెంచాల్సిన అమ్మమ్మకూ టీబీయే. సూది కాదు, నోట్లో పోశారు. బిడ్డ బతికింది.

ఇప్పటికీ పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీని, ఒళ్లంతా పాకే టీబీని బీసీజీ బాగా ఆపుతుంది. అందుకే పుట్టిన బిడ్డకు తప్పకుండా వేయించండి. అయితే పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో వచ్చే టీబీ? ఇంకొకరికి అంటించేది అదే కదా. దాన్ని తేల్చడానికి 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టులో మన దేశమే పెద్ద పరీక్ష పెట్టింది. రెండున్నర లక్షలకు పైగా జనం. కొందరికి బీసీజీ, కొందరికి మందేమీ లేని ఉత్త సూది. పదిహేనేళ్లు వెంట ఉండి చూశారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ అక్కడ ఆపలేదని తేలింది. మా తమ్ముడి భుజం మీది మచ్చకు జవాబు ఆ చెంగల్పట్టు పల్లెల్లో ఉంది.

టీబీ క్రిమి అంత మొండిది ఎందుకైంది? దగ్గిన మనిషి నుంచి గాలిలోకి వచ్చి మన ఊపిరితిత్తుల లోపలికి దిగుతుంది. అక్కడ క్రిములను మింగి అరిగించే కణాలుంటాయి, మాక్రోఫేజ్‌లంటారు. టీబీ క్రిమిని కూడా అవి మింగుతాయి. మామూలుగా మింగిన క్రిమి మీద ఆ కణం ఆమ్లం పోసి చంపుతుంది. ఆ ఆమ్లపు సంచి తన దగ్గరికి రాకుండా టీబీ క్రిమి అడ్డుకుంటుంది. అడ్డుకుని అక్కడే ఉండిపోతుంది, పిల్లలు పెడుతుంది. దొంగ వెళ్లి పోలీసు స్టేషన్లోనే కాపురం పెట్టినట్టు! ఇక్కడ ఒక మాట. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పనిచేసే తమ్ముళ్లకు టీబీ భయం ఎక్కువ అని మేం ఎందుకంటామో తెలుసా? రాతి ధూళి ఈ మాక్రోఫేజ్‌లనే దెబ్బతీస్తుంది. స్టేషన్ ముందే బలహీనపడి ఉంటుంది. ముక్కుకు గుడ్డ కడితే చాలదు, ధూళి లేవకుండా నీళ్లు కొట్టాలి. ఆ మాట యజమానులతో గట్టిగా అడిగి చేయించుకోవాలి.

సరే, విషయానికి వస్తాను. క్రిమి కణం లోపల దాక్కుంది. మన రక్తంలో తిరిగే యాంటీబాడీలు కణం బయటే తిరుగుతాయి, లోపలికి పోలేవు. లోపల ఏముందో పసిగట్టేవి టీ కణాలు, మన రక్తంలో ఉండే ఒక రకం రక్షణ కణాలు. ఎలా పసిగడతాయి? మీరు ఎనుమాముల మార్కెట్ చూసినవాళ్లే కదా. మిర్చి బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. ఖరీదుదారు బస్తా మొత్తం కుమ్మరించి చూడడు. కోత పెట్టి గుప్పెడు కాయలు బయటికి తీసి చూస్తాడు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం కూడా లోపల తయారైన ప్రోటీన్లలోంచి చిన్న ముక్కలు తీసి తన గోడ మీద శాంపిల్ పెడుతుంది. టీ కణం వచ్చి ఆ శాంపిల్ చూస్తుంది. తెలిసిన దొంగ సరుకు అయితే కణాన్ని హెచ్చరిస్తుంది, లేదా కణాన్నే చంపుతుంది. టీబీకి టీకా అంటే, ఆ దొంగ సరుకును టీ కణాలకు ముందే చూపించి గుర్తుపట్టేలా చేయడం.

ఇక్కడికే వైరస్ వస్తుంది. వైరస్ బతుకే కణం లోపల. తనంత తాను కణంలోకి దూరి, తన ప్రోటీన్లను ఆ కణంతోనే చేయిస్తుంది. అలాంటి వైరస్‌కు జబ్బు చేసే శక్తి తీసేసి, టీబీ క్రిమి జన్యువు ఒకటి తగిలించామనుకోండి. కణంలోకి దూరుతుంది, టీబీ ప్రోటీన్ చేయిస్తుంది, దాని ముక్కలు శాంపిల్‌గా గోడ మీదికి వస్తాయి. టీ కణాలు చూసి నేర్చుకుంటాయి. టీబీ క్రిమి మాత్రం ఒంట్లోకి రానేలేదు. వైరస్ ఒక బండి, టీబీ జన్యువు అందులో సరుకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బండ్లు చాలా ఉన్నాయి, రెండింటి గురించే చెబుతాను. ఒకటి, మశూచి టీకా వైరస్. మన అవ్వలు అమ్మవారు పోసిందనేవాళ్లు, పోచమ్మకు బోనం పెట్టేవాళ్లు. ఆ మశూచిని ప్రపంచం నుంచి తరిమిన టీకాలో ఉన్నది వ్యాక్సీనియా అనే వైరస్. మంచిదే, కానీ ఒంట్లో రోగనిరోధక శక్తి లేనివాళ్లకు ప్రమాదం. టర్కీలోని అంకారాలో పెంచిన ఆ వైరస్ రకం ఒకటి జర్మనీలో మ్యూనిక్ చేరింది. అక్కడ ఆంటన్ మయర్ అనే శాస్త్రవేత్త దాన్ని కోడిపిండపు కణాల్లో 570 సార్లకు పైగా మార్చి మార్చి పెంచాడు. కాల్మెట్ ఆలుగడ్డల మీద చేసిన పనే, ఇక్కడ కోడిగుడ్డు మీద. మారి మారి ఆ వైరస్ తన జన్యు పదార్థంలో దాదాపు 15 శాతం పోగొట్టుకుంది. మనిషి కణంలోకి దూరగలదు, ప్రోటీన్ చేయించగలదు, కానీ పిల్లలు పెట్టలేదు. జర్మనీలో లక్షా 20 వేల మందికి పైగా వేశారు, క్షేమంగా ఉన్నారు. దానికి ఎంవీఏ అని పేరు.

రెండోది అడినోవైరస్, జలుబు వైరస్. కోవిషీల్డ్ బండి. దీనిలో పిల్లలు పెట్టడానికి కావలసిన జన్యువును ప్రయోగశాలలోనే తీసేస్తారు. కాలేజీ పిల్లలు వెంటనే అడుగుతారు, తీసేస్తే మరి టీకా కోసం కోట్ల కొద్దీ వైరస్ ఎట్లా పెంచుతారు అని. మంచి ప్రశ్న. తీసేసిన ఆ జన్యువును ముందే తమలో పెట్టుకున్న ప్రత్యేక కణాలు ప్రయోగశాలలో ఉంటాయి. ఆ కణాల్లో వైరస్ పెరుగుతుంది. మన ఒంట్లో ఆ సాయం దొరకదు కాబట్టి పెరగదు. ఎంత తెలివైన ఏర్పాటు అది!

ఇప్పుడు అసలు కథ. ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ మెక్‌షేన్ అనే డాక్టరు, ఆమె బృందం. ఎంవీఏ బండిలో ఒక టీబీ జన్యువు పెట్టారు. యాంటీజెన్ 85ఏ అంటారు. క్రిమి తన గోడ కట్టుకోవడానికి వాడుకునే ప్రోటీన్ అది. బీసీజీలో కూడా ఉంది. ఆలోచన ఏమిటంటే, పుట్టినప్పుడు బీసీజీ వేసి ఉంటుంది, ఆ జ్ఞాపకాన్ని ఈ కొత్త సూదితో లేపుదాం. మనుషుల్లో తొలి పరీక్షల్లో టీ కణాలు బాగా వచ్చాయి. ఎంతో ఆశపడ్డారు.

2009లో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు దగ్గరలో పరీక్ష మొదలైంది. 2,797 మంది పసిపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసువాళ్లు, అందరూ బీసీజీ వేయించుకున్నవాళ్లే. సగం మందికి కొత్త టీకా, సగం మందికి కాదు. బీసీజీ తర్వాత పసిపిల్లల్లో ఒక కొత్త టీబీ టీకా ఆపుతుందా లేదా అని ఇంత పెద్ద ఎత్తున చూడటం అన్ని దశాబ్దాల్లో అదే మొదలు. రెండేళ్లు చూశారు. 2013 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. టీకా వేయని గుంపులో టీబీ వచ్చిన పిల్లలు 39 మంది. వేసిన గుంపులో 32 మంది. లెక్క కడితే సుమారు 17 శాతం తక్కువ. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అంటే టీకా పని చేయలేదు.

ఆ వార్త చదివిన రోజు నేను ఓపీలో ఉన్నాను. బయట బెంచీ మీద తెమడ డబ్బాలు పట్టుకుని జనం. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఆ పరీక్ష వృథా పోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే అది మనకు మూడు సంగతులు నేర్పింది. పిల్లలకు ఆ టీకా వల్ల పెద్ద హాని జరగలేదు, కాబట్టి బండి క్షేమమైనది. రక్తంలో టీ కణాలు లెక్కకు కనపడినంత మాత్రాన మనిషికి రక్షణ వచ్చినట్టు కాదు. అది పెద్ద దెబ్బ, ఎందుకంటే అప్పటిదాకా అందరూ ఆ లెక్కనే నమ్ముకున్నారు. ఇక సరుకు సంగతి. టీబీ క్రిమికి దాదాపు 4,000 జన్యువులున్నాయి, 1998లో ఆ జాబితా మొత్తం బయటికొచ్చింది. నాలుగు వేలలో ఒక్కటి చూపించి దొంగను పట్టుకోమంటే? కరోనా సంగతి వేరు. దానికి పైనున్న ముల్లు ప్రోటీన్ ఒక్కటి చూపిస్తే చాలు, యాంటీబాడీలు వచ్చి కణంలోకి దూరకముందే పట్టుకున్నాయి. జనం నన్ను అడుగుతారు, కరోనాకు ఏడాదిలో టీకా వచ్చింది, టీబీకి వందేళ్లయినా ఎందుకు రాలేదమ్మా అని. ఇదిగో, జవాబులో సగం ఇదే. కోవిడ్ రాకముందే ఆక్స్‌ఫర్డ్‌లో కోవిషీల్డ్‌కు వాడిన అదే చింపాంజీ వైరస్‌లో 85ఏ జన్యువు పెట్టి మనుషుల మీద తొలి దశ పరీక్ష చేశారని మీలో ఎంతమందికి తెలుసు? బండి టీబీ కోసం కూడా తిరిగింది. కరోనా సరుకు తేలికైనది కాబట్టి ముందు చేరింది.

జవాబులో మిగతా సగం డబ్బు. టీబీ వచ్చేది ఎవరికి? బీడీలు చేసే అమ్మకు, క్వారీలో కూలికి, అద్దెకున్న ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి. 2023లో ప్రపంచంలో కోటీ 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. ప్రతి నలుగురు రోగుల్లో ఒకరు మన దేశంవాళ్లు. ఆ జబ్బు డబ్బున్న దేశాల్లో ఇంతగా ఉండి ఉంటే వందేళ్లు ఒక్క టీకాతో సరిపెట్టుకునేవాళ్లా? మీరే చెప్పండి.

మరి ఇప్పుడు ఏం జరుగుతోంది? సరుకు మార్చి చూస్తున్నారు, బండి మార్చి చూస్తున్నారు, దిగే చోటు కూడా మార్చి చూస్తున్నారు. దిగే చోటు అంటే, టీబీ వచ్చేది ఊపిరితిత్తుల్లోకి, మనం సూది వేసేది భుజానికి. కాపలావాణ్ణి కాజీపేటలో దింపి దొంగను వరంగల్లో పట్టుకోమన్నట్టు! కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు అడినోవైరస్ టీకాను సూదిగా కాకుండా పొగమంచులా పీల్పించారు. సూది కంటే తక్కువ మోతాదే. పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లోనే టీబీని గుర్తుపట్టే కణాలు వచ్చి కూర్చున్నాయి. సూది వేసినవాళ్లలో అలా రాలేదు. చిన్న పరీక్షే, జబ్బును ఆపుతుందని ఇంకా తేలలేదు. కానీ నాకు ఎక్కువ ఆశ ఈ దారి మీదే. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ 2022లో ముక్కులో చుక్కలుగా వేసే కరోనా టీకాకు అనుమతి తెచ్చుకుంది కదా, అది కూడా చింపాంజీ అడినోవైరస్సే. ముక్కు దారిన వైరస్ టీకా ఇచ్చే విద్య ఇక్కడికి, మన పక్కకే వచ్చింది.

బండి మార్చడంలో ఇంకొకటి. సైటోమెగలోవైరస్ అని ఒకటుంది. ఒకసారి ఒంట్లోకి వస్తే జీవితాంతం నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అమెరికాలో ఓరెగాన్ శాస్త్రవేత్తలు కోతుల సైటోమెగలోవైరస్‌లో టీబీ జన్యువులు, ఒకటి కాదు చాలా, పెట్టి 34 కోతులకు ఇచ్చారు. తర్వాత టీబీ క్రిమిని ఎక్కించారు. 14 కోతుల్లో జబ్బు జాడే లేదు. 2018లో వచ్చిన ఫలితం అది. వైరస్ ఒంట్లో ఉంటూనే ఉంటుంది కాబట్టి టీ కణాలు నిద్రపోవు, కాపలా నిలబడే ఉంటుంది. అయితే ఈ వైరస్ గర్భంలో బిడ్డకు చేటు చేయగలదు. అందుకని మనిషికి ఇచ్చే ముందు దాని కోరలు బాగా పీకాలి. తొందరపడటానికి వీల్లేదు, ఎంత ఆశ ఉన్నా.

జలుబు వైరస్ బండ్లకు ఉన్న ఇబ్బంది ఒకటి చెప్పి ముందుకు పోతాను. మనకు ముందే ఆ జలుబు వచ్చి ఉంటే ఒళ్లు బండినే గుర్తుపట్టి, సరుకు దించకముందే తన్ని పంపిస్తుంది. చింపాంజీ వైరస్‌ను ఎంచుకున్నది అందుకే, మనుషులకు అది పెద్దగా పరిచయం లేదు. 2007లో హెచ్ఐవీ టీకా పరీక్ష ఒకటి మనుషుల అడినోవైరస్‌తో చేస్తే, ఆ వైరస్ ముందే తెలిసినవాళ్లలో కొందరికి హెచ్ఐవీ సోకే ప్రమాదం పెరిగినట్టు కనపడి ఆపేశారు. ఇది దాచే విషయం కాదు, జనానికి చెప్పాల్సిన విషయం.

వైరస్ కాని టీకాలు కూడా దారిలో ఉన్నాయి. ఎం72 అని రెండు ప్రోటీన్ల టీకా ఆఫ్రికాలో పెద్దవాళ్లలో సుమారు సగం జబ్బును ఆపింది, దాని చివరి దశ పరీక్ష 2024లో మొదలైంది. స్పెయిన్‌లో మనిషి టీబీ క్రిమినే బలహీనం చేసి తయారుచేసిన ఎంటీబీవ్యాక్‌ను భారత్ బయోటెక్ మన దేశంలో పరీక్షిస్తోంది. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా టీబీ రోగుల ఇళ్లలో ఉండే 12 వేల మందితో రెండు టీకాలను పరీక్షించింది. ఏది ముందు గెలిచినా నాకు ఆనందమే.

ఇక్కడున్న చదువుకున్న పిల్లలకు ఒక మాట. రేపు మన జిల్లాకు ఏదైనా టీకా పరీక్ష వస్తే, మన మీద ప్రయోగాలు చేస్తున్నారని వాట్సాప్‌లో వస్తుంది. భయం సహజం. అడగండి, కాగితం తెలుగులో ఇవ్వమనండి, నచ్చకపోతే మధ్యలో మానేసే హక్కు ఉందా అని అడగండి. ఉండి తీరాలి. కానీ చెంగల్పట్టు పల్లెల జనం ఆ రోజు చేయి చాపకపోయి ఉంటే, కేప్‌టౌన్ దగ్గరి ఆ తల్లులు పసిబిడ్డలను తీసుకురాకపోయి ఉంటే, నేనీ రోజు మీకు చెప్పడానికి ఏముండేది? వాళ్ల పేర్లు ఎక్కడా రాసి ఉండవు. నేను ప్రతి సభలో వాళ్లకు నమస్కారం పెడతాను. ఇక్కడా పెడుతున్నాను.

ఆశ అక్కలకు తెలిసిందే మళ్లీ చెబుతాను. కొత్త టీకా వచ్చేదాకా చేతిలో ఉన్నది తక్కువేం కాదు. ఆరు నెలల మందులు, రెండో నెలకు దగ్గు తగ్గినా ఆరూ వాడాలి. నెలకు 500 రూపాయల పోషణ డబ్బు 2024 నవంబర్ నుంచి 1,000 అయింది, ఖాతాలో పడకపోతే ఊరుకోకండి. ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతా అందరినీ పరీక్ష చేయించాలి. జబ్బు లేకపోయినా రాకుండా ముందుగా ఇచ్చే మందు ఉంది, వారానికోసారి చొప్పున 12 వారాల గోలీలు, లేదా ఆరు నెలలు రోజూ ఒకటి. మా చిన్నమ్మ పిల్లలకు ఆ రోజు ఆ మందు ఇచ్చి ఉంటే మా తమ్ముడికి ఇరవై రెండేళ్లకు ఆ గతి పట్టేది కాదేమో. కంచాలు వేరు చేయకండి, కిటికీలు తెరవండి.

అదిగో, నాలుగో వరసలో ఆకుపచ్చ చీర అక్క ఇందాకటి నుంచి చేయెత్తి పట్టుకున్నారు. బాబూ, మైకు ఆమెకివ్వు. అడగండమ్మా.